ఆరేళ్ళ ఆదివారాలు

ఎర్రబోడు గూడెం ఈశ్వరప్రసాద్‌కు చదువు మీద ఆశ పుట్టింది జ్ఞానం కోసం కాదు, ఉద్యోగం కోసమూ కాదు. రోషం వల్ల పుట్టింది. రోషంతో మొదలైన పని ఎక్కువ కాలం నిలవదని పెద్దలంటారు. అందరి విషయంలోనూ పెద్దల మాట నిజం కావాలని ఎక్కడా లేదు.

అతను నల్లమలలో ఫారెస్టు వాచరు. దోర్నాల దాటి లోపలికి పోతే వచ్చే బేస్ క్యాంపులో పని. చెంచు బిడ్డ కాబట్టి అడవి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పులి అడుగు చూసి అది ఆడదో మగదో, నీళ్ళకు పోతోందో తిరిగి వస్తోందో చెప్పేస్తాడు. ఒక ఎండాకాలం ఎక్కడి నుంచో ముగ్గురు పరిశోధకులు వచ్చారు. పదిహేను రోజులు అతని వెంట తిరిగారు, అతను చూపించినవన్నీ రాసుకుని వెళ్ళిపోయారు. ఆరు నెలలకు వాళ్ళు వేసిన ఇంగ్లీషు పుస్తకం క్యాంపుకు చేరింది.

"నా పేరు యాడుంది సార్?" అని ఈశ్వరప్రసాద్ అక్కడి ఆఫీసరును అడిగాడు.

ఆయన పేజీలు తిరగేసి ఒకచోట వేలు పెట్టాడు. "ఇదిగో, 'ఒక స్థానికుడు చూపగా' అని ఉంది గదా. ఆ స్థానికుడివి నువ్వే."

పదిహేను రోజులు వాళ్ళ నీళ్ళ క్యాన్లు మోసినవాడి పేరు రాయడానికి అంత పెద్ద పుస్తకంలో చోటు చాలలేదు! ఈశ్వరప్రసాద్‌కు ఒళ్ళు మండింది. తిడదామంటే ఎదురుగా తిట్టించుకునేవాళ్ళు లేరు. తన గురించీ తన అడవి గురించీ ఇంగ్లీషులో ఎవరెవరు ఏమేం రాసిపెట్టారో ఇక తానే చదువుకోవాలని ఆ పూటే నిశ్చయించుకున్నాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్ళు. ఇంటరు ఎట్లాగో గట్టెక్కి పన్నెండేళ్ళు దాటింది.

మార్కాపురంలో ఒక యూనివర్సిటీ వాళ్ళ స్టడీ సెంటరు ఉంది. ఆదివారం ఆదివారం క్లాసులు. పలకల ఫ్యాక్టరీ పక్కన ఉన్న జూనియర్ కాలేజీలో మూడు గదులు వాళ్ళవి. దరఖాస్తు తీసుకునే గుమస్తా తల ఎత్తకుండానే, "ఏం కావాలి, ఇంగ్లీషా, చరిత్రా?" అన్నాడు.

ఈశ్వరప్రసాద్ ఆలోచించాడు. రాసింది చదవాలంటే ఇంగ్లీషు కావాలి. పాతకాలంలో రాసింది చదవాలంటే చరిత్ర కావాలి. "రెండూ ఒకటే దాంట్లో ఇస్తారా సార్?" అని అడిగాడు.

గుమస్తా అప్పుడు తల ఎత్తాడు. రెండూ కలిపి ఒకే పట్టా ఇచ్చే కోర్సు ఆ సంవత్సరమే పెట్టారట. దాన్ని అడిగిన మొదటివాడు ఇతనే. "ఉంది గానీ నాయనా, దాంట్లో ఒక తిరకాసు ఉంది. ఒకటి తప్పితే రెండూ తప్పినట్టే. చివర్లో రెండింటికీ కలిపి ఒకే వైవా ఉంటుంది. అది రెండుసార్లు పోతే మొత్తం కోర్సు పోతుంది" అన్నాడు. ఈశ్వరప్రసాద్ సంతకం పెట్టాడు. రెండుసార్లు తప్పేంత చేతకానివాణ్ణా నేను అని మనసులో అనుకున్నాడు కూడా. మనిషి మనసులో అనుకునేవన్నీ పైకి వినపడకపోవడం దేవుడు చేసిన మేలు.

మొదటి సంవత్సరం ఆ కోర్సులో పదకొండు మంది చేరారు. ఇంగ్లీషు భయానికి కొందరు, చరిత్ర బరువుకు కొందరు జారిపోయారు. చివరకు మిగిలింది ఇద్దరు. ఒకరు ఈశ్వరప్రసాద్. రెండో మనిషి కొనకనమిట్ల పక్క పల్లె నుంచి వచ్చే వెంకటసుబ్బులమ్మ. నలభై అయిదేళ్ళ మనిషి, మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు, బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వంద మంది పిల్లలకు గరిటె తిప్పిన చెయ్యి కావడంతో దేనికీ బెదిరేది కాదు. మొదటి రోజే "తమ్ముడూ, నాకు ఏదన్నా అర్థం గాకపోతే అడుగుతా, నీకు అర్థం గాకపోయినా నేనే అడుగుతా. నువ్వు నోరు తెరిచే మనిషివి గాదులే" అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఈశ్వరప్రసాద్ అడవిలో ఎంత చురుకో, నాలుగు గోడల మధ్య అంత మౌని.

ఇంగ్లీషు చెప్పేది మగ్దలీనమ్మ మేడం. చరిత్ర చెప్పేది పొదిలి నుంచి వచ్చే మాలకొండయ్య సారు. నెలలో మూడో ఆదివారం ఇద్దరూ కలిసి జంట క్లాసు తీసుకోవాలి. ఒకే గది, ఒకే బోర్డు. బోర్డుకు మధ్యలో గీత గీసి ఎడమ పక్క మేడం, కుడి పక్క సారు రాసేవాళ్ళు. గీత దాటి అక్షరం అవతలికి పోతే ఇద్దరికీ రోషమే.

"ఏం రాశారు అన్నది తరవాత. ఎట్లా రాశారు, ఎవరి వైపు నిలబడి రాశారు, అది చూడండి" అనేది మేడం.

"ఎట్ల రాస్తే ఏందమ్మా? ఎప్పుడు రాసినారు, ఆధారం ఏంది, ఇంకో కాగితం దీన్ని ఒప్పుకుంటాదా లేదా? అది చూడండి" అనేవాడు సారు.

పిల్లలున్న ఇంట్లో తల్లీ తండ్రీ తలా ఒక మాట చెప్తే పిల్లలు ఏం చేస్తారో ఈ ఇద్దరు విద్యార్థులూ అదే చేశారు. మేడం ముందు మేడంకు, సారు ముందు సారుకు తల ఊపారు. అట్లా తల ఊపుతూనే ఒక్కో పేపరూ గట్టెక్కించారు. ఎండాకాలం అడవి అంటుకునే రోజుల్లో ఈశ్వరప్రసాద్‌కు సెలవు దొరకదు, కాబట్టి ప్రతి ఏడూ ఒకటో రెండో పరీక్షలు మిగిలిపోయేవి. పంటల కాలంలో వెంకటసుబ్బులమ్మకూ అంతే. అయినా ఆదివారం తెల్లారితే ఈశ్వరప్రసాద్‌కు కాళ్ళు గూడెంలో నిలిచేవి కావు. ఆటోలో దోర్నాల, అక్కడి నుంచి బస్సులో మార్కాపురం. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాఠం తిప్పుకుంటూ పోయే రెండు గంటలు తన జీవితంలో మంచి గంటలని అతను ఇప్పటికీ అంటాడు. భార్య లక్ష్మి మొదట్లో గొణిగింది. తరవాత తనే శనివారం సాయంత్రం చొక్కా ఉతికి ఆరేసి పెట్టేది.

ఐదో సంవత్సరం చివర్లో వైవా వచ్చింది. ఈశ్వరప్రసాద్ గైడు కొని, ఇంగ్లండులో యంత్రాలు వచ్చిన కాలం గురించి ఇరవై పేజీలు బట్టీ పట్టాడు. ఇంగ్లండు ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు, యంత్రం అంటే అతనికి తెలిసింది క్యాంపులో జనరేటరు. మేడం ఆ కాలం రచయిత మనసు గురించి అడిగితే సంవత్సరాలు చెప్పాడు. సారు సంవత్సరాలు అడిగితే రచయిత మనసు చెప్పాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు చివరకు, "ఇవన్నీ సరే, నువ్వు సొంతంగా చెప్పేది ఏమైనా ఉందా?" అన్నాడు. ఈశ్వరప్రసాద్ మళ్ళీ గైడు మొదటి పేజీ నుంచి అందుకున్నాడు. వెంకటసుబ్బులమ్మ ఆ రోజే పాసయింది. ఇతను తప్పాడు.

గూడేనికి వచ్చి తండ్రి బయన్నతో, "సగం పాసయినా నాయన" అన్నాడు.

బయన్న డెబ్బై ఏళ్ళ ముసలాయన, నోరు మాత్రం పడుచుది. "సగం పాసంటే ఏందిరా? తేనెపట్టు కాడికి సగం కొండ దిగి, వచ్చినా అంటే ఎవురన్నా తేనె గిన్నె చేతిలో పెడతారా?" అన్నాడు. ఈశ్వరప్రసాద్ ఆ పూట అన్నం తినలేదు. ఇంకొక్కసారి తప్పితే ఆరో ఏటి ఆదివారాలతో సహా అన్నీ గంగలో పోసినట్టే. నలభైకి దగ్గర పడ్డవాడు మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టలేడు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మాలకొండయ్య సారే దారి చూపాడు. "ఇంగ్లండు సంగతి ఇంగ్లండువాళ్ళు చూసుకుంటారు. ఇదిగో, ఇది చదువు. మీ అడివిదే" అంటూ జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టాడు. పదకొండు పేజీలు. నూరేళ్ళకు పైబడ్డ మాట. అడవి పని మీద నల్లమలలో తిరిగిన ఒక దొర రోజువారీగా రాసుకున్న సంగతులు. దానిమీద ఒక వ్యాసం రాసి, దానిమీదే వైవాలో మాట్లాడాలి.

ఈశ్వరప్రసాద్ నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు నెలలు ఆ పదకొండు పేజీలతో కుస్తీ పట్టాడు. వాగులు గుర్తుపట్టాడు. ఫలానా కొండ ఇదేనని తేల్చుకున్నాడు. మూడో పేజీలో దొర చెంచులు తేనె తీయడం చూశాడు, తెగ మెచ్చుకున్నాడు. తీగలతో పేనిన తాడు కట్టుకుని మనిషి కొండ చరియ మీది నుంచి కిందికి దిగడం, పైన ఇంకో మనిషి ఆ తాడు పట్టుకుని కూర్చోవడం అన్నీ రాశాడు. తొమ్మిదో పేజీలో ఇంకో కొండ దగ్గర జరిగిన చావు రాశాడు. తేనెకు దిగినవాడు పడిపోయి చచ్చిపోయాడు. పైన తాడు పట్టుకున్నది వాడి భార్య తమ్ముడు. 'ఇతనికి చచ్చినవాడితో రక్తసంబంధం లేదు. పట్టు వదలడానికి అందరికన్నా ఎక్కువ కారణం ఇతనికే ఉంది' అని దొర రాశాడు. ఆ బావమరిదిని పట్టుకుని జైలుకు పంపించారు. పేరు కూడా రాయలేదు.

పాపం అనుకున్నాడు ఈశ్వరప్రసాద్. దొర రాశాడంటే ఏదో చూసే రాసి ఉంటాడనీ అనుకున్నాడు. అచ్చులో పడ్డ మాటకు మనం అంత భయపడతాం మరి. అతని వ్యాసంలో చెట్ల పేర్లు నాలుగు పేజీలు, కొండల గుర్తులు మూడు పేజీలు, దొర తేనె కాలం తప్పు రాశాడని ఒక పేజీ. తాడు గురించి ఒక్క ముక్క లేదు. బావమరిది తాడు పట్టుకోవడం అతనికి నీళ్ళు పల్లానికి పోవడమంత మామూలు సంగతి. దానిమీద రాయడానికి ఏముంటుంది?

వైవాకు ఇంకా మూడు వారాలున్నాయనగా, పాసయిపోయినా అలవాటు మానలేక స్టడీ సెంటరుకు వచ్చిన వెంకటసుబ్బులమ్మ ఆ వ్యాసం తీసుకుని చదివింది. మధ్యాహ్నం ఇద్దరూ వరండాలో కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరిచారు. జొన్నరొట్టె తుంచుతూ ఆమె ఆ జిరాక్సు పేజీలు కూడా తిరగేసింది.

"తమ్ముడూ, నాకొక మాట చెప్పు. తాడు బావమరిదే ఎందుకు పట్టుకోవాల? సొంత తమ్ముడు పట్టుకుంటే తప్పా?"

"తప్పు గాదక్కా... అట్ల ఎవురూ చెయ్యరు."

"అదే, ఎందుకు చెయ్యరు?"

ఈశ్వరప్రసాద్ ఆమె వైపు చిత్రంగా చూశాడు. ఇంత చదివిన మనిషికి ఈ మాత్రం తెలియదా అనిపించింది. "బావ పడిపోతే తాళి తెగేది ఎవురిది? వాని అక్కది గదా. అక్క మీద ప్రాణం ఉన్నోడు తాడు వదుల్తాడా? అందుకని వాడే పట్టుకుంటాడు. మా గూడెంలో ఎవురినన్నా అడుగు."

వెంకటసుబ్బులమ్మ రొట్టె డబ్బాలో పెట్టేసింది. "అయ్యో నీ తెలివి తెల్లారా! మరి ఈ దొర మొత్తం తిరగేసి రాసినాడు గదా! రక్తసంబంధం లేదు గనక వదిలినాడంటాడు. మీరేమో ఆ చుట్టరికం ఉంది గనకనే వాని చేతికి తాడు ఇస్తారు. ఇది రాయకుండ చెట్ల పేర్లు రాసుకుంట కూచున్నావా?"

ఈశ్వరప్రసాద్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మూడో పేజీ తీశాడు. దొర మెచ్చుకుంటూ రాసిన చోట, తాను ఇరవైసార్లు చదివిన చోట, ఉంది ఆ వాక్యం: 'తాడు దగ్గర కూర్చున్నది ఆ మనిషి భార్య సోదరుడు. ఈ పనికి వీళ్ళు మరొకరిని నమ్మరు.' మూడో పేజీలో తన చేత్తో రాసుకున్న మాట తొమ్మిదో పేజీకి వచ్చేసరికి దొరకు గుర్తు లేదు. పేజీ తిప్పినంత సులువుగా ఒక మనిషిని జైలుకు పంపించాడు. ఈశ్వరప్రసాద్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొర మీద కోపం కన్నా తన మీద తనకు ఎక్కువ కోపం వచ్చింది. ఇన్ని రోజులూ ఆ మనిషి తప్పు చేసే ఉంటాడని తాను కూడా నమ్మాడు.

మాలకొండయ్య సారు విని ఎగిరి గంతేసినంత పని చేశాడు. అంతలోనే చరిత్ర సారు అయిపోయాడు. "దొర మూడో పేజీ ఒక ఆధారం. రెండో ఆధారం కావాల. మీ పెద్దోళ్ళను అడుగు. ఎవరు చెప్పినారు, వయసెంత, ఏ గూడెం, అన్నీ రాసుకో." మగ్దలీనమ్మ మేడం మాత్రం తొమ్మిదో పేజీ ముందు పెట్టుకుని, "చూడు, మొదటి వాక్యంలో పడిపోయాడు అన్నాడు. మూడో వాక్యానికి బావమరిది వదిలేశాడు అంటున్నాడు. మధ్యలో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. దొర మనసు మారింది, అంతే" అంది. ఆ రోజు బోర్డు మధ్యలో గీత గీయడం ఇద్దరూ మరిచిపోయారు.

గూడెంలో పెద్దల్ని అడగడం మొదలుపెట్టాక ఈశ్వరప్రసాద్ పరువు కాస్తా పోయింది. నోటు పుస్తకం తెరిచి, "తేనెకు దిగేటప్పుడు తాడు ఎవురు పట్టుకుంటారు?" అని అడిగితే ఒకాయన పగలబడి నవ్వాడు. ఇంకొకాయన, "నువ్వు పట్టుకోలా? మీ బావకు పద్దెనిమిదేండ్ల నుంచి నువ్వే గదా పట్టేది? మళ్ళ నన్నడుగుతావేంది?" అన్నాడు.

బయన్నయితే దిగులు పడ్డాడు. "లక్ష్మీ, వీనికి కాస్త చలవ చేసే కూడు పెట్టమ్మా. చదివేకొద్దీ మతి పోతాండాది" అన్నాడు కోడలితో.

మల్లమ్మ అనే పెద్దావిడ మాత్రం నవ్వకుండా కూర్చోబెట్టి చెప్పింది. "అన్న పోతే తమ్మునికి తన ఇల్లు తనకు ఉంటది. బావ పోతే బావమరిదికి అట్ల గాదు బిడ్డా. అక్క పిల్లల్ని చంకనేసుకోని వాని గుమ్మం కాడికే వచ్చి కూచుంటది. దినామూ ఆమె మొగం వాడు చూడాల. ఎవురి చెయ్యి గట్టిగ ఉంటదో నువ్వే చెప్పు." ఈశ్వరప్రసాద్ ఆమె మాటల్ని ఆమె అన్నది అన్నట్టే రాసుకున్నాడు. కింద 'మల్లమ్మ, ఎర్రబోడు గూడెం' అని పేరు స్పష్టంగా పెట్టాడు. వ్యాసం మొత్తం కొత్తగా రాశాడు.

వైవా రోజు బావ శివనాగరాజు కూడా మార్కాపురం వచ్చాడు. టౌనులో పనుందన్నాడు గానీ పనేమీ లేదు. తమ్ముడు ఒక్కడే పోయి మళ్ళీ సగం పాసై వస్తాడేమోనని అక్క బయ్యమ్మ వెంట పంపించింది. ఈశ్వరప్రసాద్ లోపలికి పోతుంటే, "భయపడొద్దు బామ్మర్దీ, నేను ఈడనే ఉంటా" అని, వరండాలో చల్లగా ఉన్న పలకరాతి అరుగు మీద తువ్వాలు పరిచాడు.

లోపల ముగ్గురు. మేడం, సారు, బయటి నుంచి వచ్చిన కొత్త పరీక్షకుడు. ఆయన వ్యాసం ముందే చదువుకుని వచ్చాడు. ఇంగ్లీషులోనే అడిగాడు. "బాగుంది. కానీ ఈ ఆచారం గురించి నువ్వు ఎవరిని అడిగావు? నీ బంధువుల్నే. బావమరిది తాడు వదలడని నీవాళ్ళు చెప్పక ఇంకేం చెప్తారు? ఇది నేనెట్లా నమ్మాలి?"

ఈశ్వరప్రసాద్ తన వ్యాసం పేజీలు అటూ ఇటూ తిప్పాడు. మేడం కళ్ళతోనే చెప్పు చెప్పు అంటోంది. సారు పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. అయిపోయింది, ఆరేళ్ళూ అయిపోయాయి అనుకున్నాడు ఈశ్వరప్రసాద్.

ఇక పోయేది ఎట్లాగూ పోతుందని తెగించాడో, మరి ఆ పేరు లేని మనిషే గుర్తొచ్చాడో, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సర్, ఐ హోల్డ్ ద రోప్."

పరీక్షకుడికి అర్థం కాలేదు.

"ఎయిటీన్ ఇయర్స్, సర్. మై సిస్టర్స్ హస్బెండ్ గోస్ డౌన్. ఐ హోల్డ్ ద రోప్. హీ ఈజ్ ఎలైవ్, సర్. హీ ఈజ్ అవుట్‌సైడ్."

ముగ్గురూ ఒక్కసారే కిటికీ వైపు తిరిగారు. వరండాలో ఆ సాక్ష్యం నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. మేడం నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. పరీక్షకుడు కూడా నవ్వాడు గానీ ఆయన తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"సరే. అయితే ఆ రోజు ఆ బావమరిది తాడు వదల్లేదనే నువ్వు అంటావా?"

ఇక్కడ అవునంటే పని అయిపోతుంది. ఎవరైనా అవుననే అంటారు. ఈశ్వరప్రసాద్‌కు కూడా నోటిదాకా వచ్చింది. కానీ తాడు పట్టుకున్నవాడికి తాడు సంగతి తెలుసు. రాయి అంచుకు రాసుకుని తీగ తెగుతుంది. వానకు చెయ్యి జారుతుంది. ఎంత ప్రేమ ఉన్నా జారుతుంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఐ డోంట్ నో, సర్. రోప్ కెన్ బ్రేక్. హ్యాండ్ కెన్ స్లిప్. ఐ డోంట్ నో." దొర కాగితం మీద వేలు పెట్టాడు. "దిస్ పేపర్ ఆల్సో డజ్ నాట్ నో, సర్. బట్ ఇట్ ఈజ్ టాకింగ్ లైక్ ఇట్ నోస్."

మాలకొండయ్య సారు పెన్ను మూత పెట్టేసి బల్ల మీద ఉంచాడు. మగ్దలీనమ్మ మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. రాసిన తీరు గురించి ఆమె ఆరేళ్ళుగా చెప్పింది, ఆధారం గురించి ఆయన ఆరేళ్ళుగా చెప్పాడు, రెండూ ఒకే మాటలో వాళ్ళ ముందుకు వచ్చాయి. పరీక్షకుడు మార్కుల కాగితం మీద తన సంతకం పెట్టి, పక్కకు జరిపాడు. "చాలు. పోయి మీ బావను లేపు" అన్నాడు తెలుగులో.

ఆ సాయంత్రం ఎర్రబోడు గూడెంలో లక్ష్మి బెల్లం పొంగలి చేసింది. బయన్న కొడుకును ఎగాదిగా చూసి, "మొత్తం పాసేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, ఔననిపించుకున్నాక గానీ విస్తరి ముందు కూర్చోలేదు. ఈశ్వరప్రసాద్ సంతోషం అంతా ఇంతా కాదు. ఎవరు పలకరించినా నవ్వడమే. పట్టా చేతికి రావడానికి ఇంకా రెండు నెలలు పడుతుందని చెప్పినా వినకుండా చూపించమని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు.

తిండ్లయినాక బయన్న అన్నాడు. "ఏం రాసినావో సదివి చెప్పురా. మమ్మల్ని పిచ్చి ప్రశ్నలు అడిగితివి గదా, దేనికో తెలవాల."

ఈశ్వరప్రసాద్ వ్యాసం తెచ్చి, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. దొర, కొండ, తాడు, పడిపోయినవాడు, జైలుకు పోయినవాడు. మల్లమ్మ తన పేరు వచ్చిన చోట మళ్ళీ చదవమంది. శివనాగరాజు తాను నిద్రపోయిన సంగతి వ్యాసంలో లేనందుకు ఊపిరి పీల్చుకున్నాడు. బయన్న మాత్రం చివరిదాకా చెవి పెట్టి విన్నాడు.

"ఆయన ఇంటికొచ్చినాడా?" అన్నాడు.

"ఎవురు నాయన?"

"ఆ జైలుకు పోయినాయన."

"తెలవదు నాయన. కాగితంలో లేదు."

బయన్నకు కోపం వచ్చింది. "ఆరేండ్లు సదివి, రెండు సదువులు సదివి, మనిషి ఇల్లు చేరినాడో లేదో తెలవదంటావేంది? పోనీ ఆయక్క సంగతన్నా రాసినావా? మొగుడు చచ్చిపాయె. తోడబుట్టినోడు జైలుకు పాయె. ఆయమ్మ పిల్లల్ని తీసుకోని యాడికి పోయినాదో, ఎవురి ఇంటికి పోయినాదో?"

ఈశ్వరప్రసాద్ కాగితాల వైపు చూశాడు. దొర రాసిన పదకొండు పేజీల్లో ఆమె లేదు. తాను రాసిన ఇరవై పేజీల్లోనూ లేదు. మేడం అడగలేదు, సారు అడగలేదు, పరీక్షకుడు అడగలేదు, అక్క తాళి గురించి అంత వివరంగా రాసిన తనకూ తట్టలేదు. సిగ్గుతో ముఖం వేడెక్కింది. మరుసటి రోజు ఉదయం మాలకొండయ్య సారుకు ఫోను చేశాడు. అప్పట్లో మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలోనే ఉండేది కాబట్టి, ఆ కేసు కాగితాలు ఎక్కడైనా మిగిలి ఉంటే కర్నూల్లోనే ఉంటాయని సారు చెప్పాడు. దొరుకుతాయన్న నమ్మకం తనకు లేదని కూడా చెప్పాడు.

పై సోమవారం ఈశ్వరప్రసాద్ సెలవు పెట్టి కర్నూలు బస్సెక్కాడు.